బండి మీది మన తమ్ముళ్లు

మనం కూడుకున్న ఈ టి. నగర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు మోస్తున్న పేట. పక్కనే ఉన్న పానగల్ పార్కుది పానగల్లు రాజా రామారాయణింగారి పేరు. ఇద్దరూ తెలుగువారే, జస్టిస్ పార్టీ నాయకులే. ఈ రోజు ఆ పార్కు నుంచి రంగనాథన్ వీధి దాకా ఎటు చూసినా బైక్ ట్యాక్సీలు. వాటిని నడిపేవాళ్ల గురించే నా మాటలు.

బండి నడిపే ప్రతివాడూ మత్తుకు బానిస కాడు. ఇది ముందే చెప్పాలి. అయితే ఆ పని మనిషిని ఎటు నెడుతుందో మనం చూడాలి. తిరిగితేనే డబ్బు. పెట్రోలు తనదే, బండి వాయిదా తనదే. డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి లాగిన్‌లో ఉండకూడదని 2020లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక యాప్ ఆపి మరో యాప్ తెరిచేవాడి గంటలు ఎవరు లెక్కపెడతారు? నడుము పట్టేస్తుంది. కళ్లు మూతలు పడతాయి. అప్పుడు తోటివాడు ఒక బిళ్ల చేతిలో పెడతాడు.

చెన్నైలో పోలీసులు తరచుగా పట్టుకుంటున్న బిళ్ల టాపెంటడాల్. డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన నొప్పి మందు అది, నల్లమందు జాతిది. కొన్నాళ్లకు ఒక బిళ్ల చాలదు. మానితే వణుకు, వాంతులు, నిద్ర పట్టకపోవడం. నొప్పి కోసం మొదలైనది మామూలుగా నిలబడటానికే కావలసి వస్తుంది. కొందరు కరిగించి సూదితో ఎక్కించుకుంటారు. ఆ సూది చేతులు మారితే హెచ్ఐవీ, హెపటైటిస్ వస్తాయి. మత్తులో బ్రేకు ఆలస్యంగా పడితే వెనక కూర్చున్నవాళ్ల ప్రాణం కూడా పోతుంది.

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. నైజీరియా, ఘనాలలో మోటారుసైకిల్ ట్యాక్సీలు నడిపేవాళ్లు అలుపు తెలియకుండా ట్రమడాల్ వాడారు. మన దేశం 2018లో ట్రమడాల్‌ను మత్తు పదార్థాల చట్టం కిందికి తెచ్చింది. టాపెంటడాల్‌ను కారిసోప్రొడాల్‌తో కలిపిన బిళ్లలు మన దేశం నుంచే పశ్చిమ ఆఫ్రికాకు వెళ్తున్నాయని 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టాకే ఆ ఎగుమతి అనుమతులను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఇక చెన్నైకి చేరే గంజాయిలో చాలా భాగం ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తుంది. తెలుగువాళ్లం వేరేవాళ్లను వేలెత్తి చూపలేం.

2019లో కేంద్రం వెలువరించిన సర్వే ప్రకారం మత్తుమందులకు బానిసలైన 20 మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స అందింది. పోలీసులంటే భయం ఒక కారణం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ మన యువకులకు తెలియాలి. వాడినందుకు, లేదా కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకు కేసులో ఉన్న బానిస తానే ప్రభుత్వ ఆసుపత్రికో, గుర్తింపు ఉన్న కేంద్రానికో వెళ్లి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ నేరానికి విచారణ ఉండదు. 14446కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. మద్యం వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో ఈ నగరంలోనే చికిత్సా కేంద్రం మొదలుపెట్టారు. ఆమె తన దుఃఖాన్ని ఇతరులకు వైద్యంగా మార్చారు.

మంచి సమరయుని గురించి మనం ఎన్నోసార్లు విన్నాం. గాయాలు కట్టి ఆయన తన దారిన పోలేదు. సత్రంలో చేర్చాడు, ఖర్చు ఇచ్చాడు, మళ్లీ వస్తానన్నాడు. మత్తు మానినవాడు మళ్లీ జారవచ్చు. అప్పుడు కావలసింది ఆ మళ్లీ వచ్చేవాడే.

చెన్నై కార్పొరేషన్ 2025లో ఇలాంటి కార్మికుల కోసం ఏసీ విశ్రాంతి గదులు తెరిచింది. మన సంఘాల హాళ్లు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. పెద్దలారా, మధ్యాహ్నం రెండు గంటలు ఆ తాళం తీయండి. ఫ్యాను, మంచినీళ్లు, నడుము వాల్చడానికి చాప చాలు. ప్రసంగం వద్దు, పేరు అడగవద్దు. యువకులారా, వంతులవారీగా అక్కడ కూర్చోండి. ఎవరైనా నోరు విప్పితే వినండి. ఆసుపత్రికి వెళ్తానంటే వెంట వెళ్లండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వంతుల పట్టిక రాద్దాం.