చర్చకు కోత, జీతానికి కోత

(ఫెడరేషన్ కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు అన్నది మన ఇళ్లలో గౌరవమైన మాట. పోపుల పెట్టెలో పది రూపాయలు దాచిన తల్లి వలననే మనలో చాలామందిమి చదువుకున్నాము. అయితే ఇంటి పొదుపుకు ఒక ధర్మమున్నది. అక్కడ ముందుగా తగ్గేది పెద్దల ఖర్చు. చిట్టచివర తగ్గేది పసిబిడ్డ పాలు. ప్రభుత్వ ఉత్తర్వులలో కనిపించే పొదుపు ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నది. జీతగాని వంతు ముందుగా వస్తుంది. ధనికుని వంతు వచ్చేసరికి పొదుపు మాటే మరుగున పడుతుంది.

ఇది ఎట్లు సాధ్యమవుతున్నది? ఈనాడు నేను మనవి చేయదలచినది ఒక్కటే విషయం. మన జీతంలో పెద్ద కోతలు పడిన సందర్భాలను పరిశీలించండి. ప్రతి సందర్భంలోను, అంతకుముందో ఆ వెంటనో, చర్చకు కూడ కోత పడినది. ఈ రెండు కోతలు ఒకే కత్తితో జరిగినవి.

మన చరిత్రనే సాక్ష్యంగా తీసుకుందాము. 1972 అనావృష్టి, 1973 చమురు సంక్షోభం దేశంలో ధరలను భరింపరాని స్థాయికి పెంచినవి. బోనసు, ఎనిమిది గంటల పని, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానమైన వేతనాలు కోరుతూ రైల్వే కార్మికులు 1974 మే 8న సమ్మెకు సిద్ధమయ్యారు. చర్చలు ఒక కొలిక్కి రాకమునుపే, మే 2న, కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. ఇరవై రోజులు సాగిన ఆ సమ్మెలో వేలాదిమంది జైళ్ల పాలయ్యారు. క్రమశిక్షణ నిబంధనలలోని 14(ii)ను ఉపయోగించి, విచారణ జరుపకుండానే కార్మికులను ఉద్యోగాల నుండి తొలగించారు.

నేను సర్వీసులో చేరిన తొలి సంవత్సరాలలో, ఆనాడు ఉద్యోగం పోయి 1977 తరువాత తిరిగి చేరిన ఒక పెద్దాయన మా బ్రాంచి సమావేశాలకు వచ్చేవారు. క్వార్టరులోని సామాను వీధిలో పడవేసిన ఉదయాన్ని గూర్చి ఆయన ఎన్నడూ కంటతడి పెట్టి చెప్పలేదు. "మన కోర్కెల పత్రంలో ఫలానా మాట తప్పని ఎవరూ రుజువు చేయలేదు నాయనా. అడగడమే తప్పన్నారు" అనేవారు. నాకు రాజ్యాంగం గూర్చి తొలి పాఠం అదే.

సమ్మె అణచివేసిన నలుబది రోజులకు, 1974 జూలై 6న, నిర్బంధ డిపాజిట్ల ఆర్డినెన్సు వెలువడినది. పెరిగిన జీతం మొత్తాన్ని, పెరిగిన కరువుభత్యంలో సగాన్ని కార్మికుని చేతికి ఇవ్వకుండ నిలిపివేశారు. ధరలను అదుపు చేయడానికని కారణం చెప్పారు. ధరల వలన నష్టపోయిన వానినే ధరల పెరుగుదలకు కారకునిగా నిలబెట్టారు.

మరుసటి ఏడాది జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చినది. పత్రికలకు సెన్సార్‌షిప్, ప్రతిపక్షాలకు జైలు. మూడు నెలలు గడిచేసరికి, 1975 సెప్టెంబరులో, మరొక ఆర్డినెన్సుతో కనీస బోనసు 8.33 శాతం నుండి 4 శాతానికి తగ్గినది. బోనసు చట్టం వర్తించని మనము ఆ హక్కును కోరియుండగా, ఉన్నవారి హక్కునే కత్తిరించారు. అడిగేందుకు వేదిక లేదు, వ్రాసేందుకు పత్రిక లేదు.

తరువాత జరిగినది కూడ జ్ఞాపకముంచుకోవాలి. 1977 మార్చిలో ప్రజలు ఓటుతో తీర్పు చెప్పారు. అదే సంవత్సరం 8.33 శాతం బోనసు తిరిగి వచ్చినది. 1979-80 సంవత్సరం నుండి రైల్వే కార్మికులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనసు లభించినది. మన బోనసు ఎవరి దయాధర్మమూ కాదు. అది సమ్మెలో విత్తి, ఓటుతో కోసుకొన్న పంట.

ఇది గతించిన కథ అని యువ మిత్రులు అనుకోవచ్చును. అందుచేత ఇటీవలి కాలానికి వస్తాను. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి పాత పెన్షన్ లేదని నిర్ణయించినది ప్రభుత్వ నోటిఫికేషన్. పెన్షన్ నిధి నియంత్రణకు పార్లమెంటు చట్టం చేసినది 2013లో. పెన్షన్ భిక్ష కాదని సుప్రీంకోర్టు 1982లో నకారా కేసులో చెప్పియుండగా, ఒక తరం వృద్ధాప్యాన్ని మార్చిన తరువాత తొమ్మిదేళ్లకు చట్టం వచ్చినది. ఉద్యోగుల ఆందోళన ఆగనందుననే 2025 ఏప్రిల్ నుండి హామీ పెన్షన్‌తో కూడిన మరొక పథకాన్ని తేవలసి వచ్చినది.

2019 సెప్టెంబరు 20న కంపెనీల ఆదాయపు పన్నును, ఇతర రాయితీలు వదులుకొనే కంపెనీలకు, 22 శాతానికి తగ్గిస్తూ ఆర్డినెన్సు వచ్చినది. దాని వలన ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి వదులుకోవలసి వస్తుందని ప్రభుత్వమే అంచనా కట్టినది. ఏడు నెలల తరువాత, 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ కారణంగా మన కరువుభత్యం మూడు వాయిదాలు స్తంభింపజేశారు. 2021 జూలై నుండి భత్యాన్ని 17 నుండి 28 శాతానికి పెంచినను, నడుమనున్న పదునెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు.

కష్టకాలంలో త్యాగం చేయవద్దా అని మీరు ప్రశ్నించవచ్చును. చేయాలి. ఆ రోజులలో రైళ్లను నడిపినది మనవారే. మందులను, పెన్షన్ డబ్బును గడప వద్దకు చేర్చినది మన పోస్ట్‌మన్, మన గ్రామీణ డాక్ సేవక్. త్యాగానికి మనము వెనుదీయలేదు. త్యాగం ఎవరెవరు ఎంతెంత చేయాలో సభలో చర్చించి నిర్ణయించాలని మాత్రమే కోరుతున్నాము. భారతదేశపు అసమానతలపై థామస్ పికెటీ తదితర ఆర్థికవేత్తలు 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలో ఉన్నది. ఇంతటి సంపదను తాకని పొదుపును జాతీయ త్యాగమని ఎట్లు పిలువగలము?

ఇప్పుడు మన తప్పు కూడ ఒప్పుకోవాలి. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోనికి వచ్చినవి. పదునాలుగు రోజుల ముందస్తు నోటీసు లేనిదే ఏ పారిశ్రామిక సంస్థలోను సమ్మె చేయరాదు. సగంమంది కలిసి క్యాజువల్ లీవు పెట్టినను సమ్మెయే. రైల్వే, తపాలా కార్మికులకు నోటీసు నిబంధన కొత్త కాదు. ప్రజోపయోగ సేవల పేరిట 1947 చట్టం నుండి దానిని మోస్తూనే ఉన్నాము. మన మెడలోని కాడి ఇపుడు ఫ్యాక్టరీ కార్మికుని మెడకు కూడ ఎక్కినది. ఆనాడే అందరి హక్కుగా పోరాడియుంటే ఈనాడు ఇంత సులువుగా ఎక్కేది కాదేమో!

అంతకంటె దగ్గరి తప్పు మరొకటి. మన ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు మహిళకు నెల జీతం పూర్తిగా ముడుతున్నదో లేదో మనలో ఎందరము అడిగాము? గ్రామీణ డాక్ సేవకులది సివిల్ పోస్టేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అయినను రెగ్యులర్ ఉద్యోగి హోదా వారికి దక్కలేదు. అసమానత పైన మాత్రమే లేదు. మన హాజరు పట్టీలో ఉన్నది. పక్కవాని నోరు మూయించినపుడు మౌనంగా ఉన్న సంఘానికి తన వంతు వచ్చినపుడు తోడు దొరకదు.

కనుక ప్రతి బ్రాంచి మూడు పనులు చేపట్టాలని కోరుతున్నాను. ఒకటి, మీ యూనిట్‌లో సరెండర్ అయిన పోస్టులు, ఆ పనిని ఇపుడు ఎవరు ఏ కూలికి చేస్తున్నారో ఒక రిజిస్టరులో వ్రాయండి. రెండు, కాంట్రాక్టు కార్మికులను, డాక్ సేవకులను ప్రతి సమావేశానికి పిలవండి. వారి కోర్కెను మన పత్రంలో మొదట వ్రాయండి. మూడు, కొత్తగా చేరిన ప్రతి యువకుని, యువతిని పక్కన కూర్చోబెట్టుకొని జీతపు చీటీ చదివించండి. అందులోని ఏ అంకె ఏ పోరాటంతో వచ్చినదో, ఏ ఉత్తర్వుతో పోయినదో చెప్పండి.

జీతపు చీటీ చదువగలిగిన కార్మికుడు ఆర్డినెన్సును కూడ చదువగలడు. చదివినవాడు అడుగుతాడు. అడిగే హక్కును కాపాడుకొంటే మిగిలిన హక్కులను తిరిగి తెచ్చుకోగలము. 1977 మనకు నేర్పినది అదే.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!