దూరము మోకాళ్లలో నున్నది

బాస్కెట్‌బాల్ క్రీడలో దూరమునుండి బంతి వేయగోరు యువకులు తఱచుగా భుజబలమునే నమ్ముకొందురు. కాని బలము మోకాళ్లలో పుట్టి, నడుము మీదుగా మోచేతికెక్కి, తుదకు మణికట్టు విఱుపుతో వ్రేళ్లకొనల వెంట బంతిలో ప్రవేశింపవలెను. మోకాళ్లలో సుమా!

అమెరికా క్రీడాకారుడు స్టీఫెన్ కర్రీ పాఠశాల దినములలో బంతిని నడుము నొద్దనుండి విసరెడివాడు. తానును ఆ క్రీడలో ఆరితేరిన తండ్రి డెల్ కర్రీ, దానిని తలపైనుండి వదలునట్లు ఒక వేసవియంతయు దిద్దెను. అంతటివానికిని కొన్ని వారములు రింగు దగ్గఱనుండి తప్ప వేయుట సాధ్యపడలేదు!

బంతి ఎత్తుగా వంపు తిరిగి దిగినచో రింగు దానికి విశాలమగును. చదునుగా పోయినచో ఇరుకగును. కావున ఆ ఎత్తైన వంపు అలవడుటకు రింగు చెంతనే మొదలిడుడు. తీరు కుదిరిన పిదప ఒక్క అడుగు వెనుకకు. తీరు చెడినచో, సంకోచింపక, మరల ముందుకు రండు.