ఉన్నత పాఠశాలలో చేరు బిడ్డకు కలము



జూను మాసమున పాఠశాలలు తెరచు దినములు సమీపించినప్పుడు అనకాపల్లిలో పుస్తకముల అంగళ్ల ముందు నిలువ చోటుండదు. ఆరవ తరగతిలో చేరు పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకొని అట్టలు, సంచులు, పెట్టెలు చూపించుచుందురు. అంతవరకు పెన్సిలుతోను బాలుపెన్నుతోను గడపిన బిడ్డకు ఇక నొక మంచి సిరా కలము కొనవలయునను తలంపు కొన్ని యిండ్లలో నేటికిని గలదు. ఈ యేడు మా యింట ఆ పని నాపై బడినది. నా మనుమరాలు ఆరవ తరగతిలో చేరినది. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లల వ్రాతలు దిద్దినవాడను గదా, కలము నెన్నుట నాకొక లెక్కయా యనుకొంటిని. లెక్కయే యైనది. ఏలయన మా మనుమరాలిది పుర్రచేతి వాటము.

ముందు కలము సంగతి చెప్పెదను. అంగడివారు మొదట చూపునది మెరుగు. మనము చూడవలసినది పాళీ కొన. మన లిపిలో గీతకంటె వంపు హెచ్చు. ఆంగ్లము వ్రాయునప్పుడు కలమును క్రిందికి లాగుట మెండు. తెలుగున ‘ఈ’ యన్నను ‘ఱ’ యన్నను కలము క్రిందికి, ప్రక్కకు, పైకి, వెనుకకు నాలుగు దిక్కులకు తిరుగవలయును. కావున కొన బల్లపరుపుగా కోసిన పాళీ మనకు పనికిరాదు. అది పైకి త్రోయునప్పుడు కాగితమును గీరును. కొన గుండ్రముగా, నున్నగా నుండవలయును. అట్లని లావుగా నుండరాదు. లావు పాళీతో వ్రాసిన ‘ఘ’కును ‘ఝ’కును కడుపు పూడిపోవును. ‘లక్ష్మి’ క్రింది వత్తు సిరా ముద్ద యగును. పరీక్షాపత్రములు దిద్దిన కన్నులకు ఆ బాధ తెలియును.

పాళీ నడుమ నొక సన్నని చీలిక, దాని క్రింద నొక నల్లని నాలుక యుండును. నాలుకమీది సన్నగాడి వెంట సిరా దిగును. దిగిన సిరాకు బదులు గాలి గొట్టములోనికి పోవును. ఈ రాకపోకలు సరిగా నున్నంతవరకే కలము వ్రాయును. 1884లో అమెరికాలో లూయీ వాటర్మన్ అనునతడు పేటెంటు పొందిన నాలుకయందలి కీలకమిదియే. చేతి బలముతో దీనికి పనిలేదు. బాలుపెన్నునకు అలవాటుపడిన పిల్లలు కలమును కాగితముపై నొక్కుదురు. సిరా కలమును నొక్కినచో పాళీ రెండుగా విడిపోవును. మొదటి నెలలో పిల్లకు నేర్పవలసినది అందముగా వ్రాయుట కాదు, నొక్కకుండ వ్రాయుట.

ఇంతవరకు నాకు తెలిసినదే. పుర్రచేయి వచ్చుసరికి నా పాండిత్యము ఆగిపోయినది. మన వ్రాత ఎడమనుండి కుడికి పోవును. కుడిచేతివాడు వ్రాసినదానిని వదలి ముందునకు పోవును. ఎడమచేతివాడు వ్రాసినదానిమీదనే చేయి నడపును. తడి సిరా అరచేతి యంచున కంటుకొని పుటయంతయు అలుకుకొని పోవును. పైగా కుడిచేయి లాగు చోట ఎడమచేయి త్రోయవలసి వచ్చును.

ఈ చిక్కు నాకు ముందే తెలిసియుండవలసినది. నేను కొలువునకు క్రొత్తగా వచ్చిన దినములలో నా తరగతిలో ఒక పిల్లవాడు పుర్రచేత వ్రాయుచుండెను. అక్షరములు గుండ్రముగా, చక్కగా నుండెడివి. “సరస్వతిని ఎడమచేత కొలుతువా?” యని కలము కుడిచేతికి మార్పించితిని. మరల మార్చుకొన్నప్పుడెల్ల స్కేలుతో వ్రేళ్ల గణుపులపై కొట్టితిని. నెల దినములలో వాడు మారెను. వ్రాత కోడి గెలికినట్లయ్యెను. నోట నడిగిన ప్రతి ప్రశ్నకు బదులు చెప్పు పిల్లవాడు అర్ధసంవత్సర పరీక్షలో సగము పత్రము ఖాళీగా నిచ్చెను. దానిపై నేను ఎఱ్ఱసిరాతో “సోమరి” యని వ్రాసితిని. వాడు పదవ తరగతి దాటలేదు.

చాల యేండ్ల తరువాత బెల్లపు మార్కెట్టులో ఒక కొట్టునకు పోయినప్పుడు గుమాస్తా ఒకడు దిమ్మల తూకము వేగముగా పద్దున వ్రాయుచుండెను, ఎడమచేతితో. తలయెత్తి నన్ను చూచెను. “మేష్టారూ, బావున్నారా?” యని లేచి నిలిచెను. మరల కూర్చుండి కలమును కుడిచేతిలోనికి మార్చుకొనెను. నేనక్కడ నున్నంతసేపు కుడిచేతితోనే, మెల్లమెల్లగా వ్రాసెను. నేనేమియు ననలేకపోతిని.

అందుచేత ఈమారు మనుమరాలిని వెంటబెట్టుకొని రాజమహేంద్రవరము పోతిని. సిరా కలములకు ఆ యూరు పేరుపొందినదని శ్రోతలలో పెద్దలకు తెలియును. స్వదేశోద్యమ కాలమున కోసూరి వెంకటరత్నముగారు అక్కడ కలములు చేసి, ఒకదానిని కుమారప్పగారి ద్వారా గాంధీమహాత్మునకు పంపిరి. 1935 జూలైలో మహాత్ముడు ఆ కలము వాడి చూచి మెచ్చుకొని వారికి ఉత్తరము వ్రాసెను. అట్టి కలములు ఎబొనైటుతో చేయుదురు. రబ్బరును గంధకముతో కలిపి ఉడికించి గట్టిపరచినచో ఎబొనైటగును. దానిని తరిమెనపట్టి గొట్టముగా, మూతగా మలతురు. చేతికి చల్లగా తగులదు, జారదు.

నేను ప్రవేశించిన అంగడిలోని పనివాడు మనుమరాలికి ఒక కాగితమిచ్చి, “నీ పేరు రాయమ్మా” యనెను. ఏ చేతితో నని యడుగలేదు. పిల్ల మణికట్టు వంచి, చేతిని పంక్తికి పైన పెట్టి వ్రాసెను. అతడు కొంతసేపు చూచి, ఏమియు ననక కాగితమును గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు కొంచెము త్రిప్పెను. పిల్ల చేయి తనంతట పంక్తి క్రిందికి దిగెను. వ్రాసిన అక్షరములు చేతికి పైన మిగిలిపోయినవి, అలుకుట తగ్గినది. ముప్పదియేండ్లలో నేనొక్కమారైన చేయని పని యది.

తరువాత పాళీ సంగతి. త్రోయు చేతికి సిరా సులువుగా దిగవలయును, కాని మెండుగా దిగినచో ఆరదు. అతడు సన్నని పాళీ యొకటి తీసి, ఆమె చేయి నడచు తీరు చూచుచు కొనను మూడుమార్లు సానపట్టెను. వ్రేళ్లకు పల్లములు చెక్కిన పట్టుగల కలములను నేను చూపగా, అవి కుడిచేతివారికై చేసినవి, ఈ పిల్లకు అడ్డు వచ్చుననెను. జర్మనీలో పెలికాన్ సంస్థవారు బడిపిల్లలకై ఎడమచేతి కలములే వేరుగా చేయుదురట. మనకు గుండ్రని పట్టుగల సాదా కలము చాలును. నేను బంగారుపూత పాళీపై మోజుపడితిని. పిల్ల నల్లని కలము నెంచుకొన్నది. దాని మాటయే నెగ్గినది.

కొన్నవారికి రెండు మూడు మాటలు. చుక్కలగొట్టముతో సిరా నింపు కలములో సిరా అడుగంటనీయరాదు. గొట్టములో గాలి పెరిగినకొలది అరచేతి వేడికి అది వ్యాకోచించి, సిరాను బొట్టుగా క్రిందికి త్రోయును. చొక్కాల మీది మరకలు చాలవఱకు ఇట్టివే. మూడవ వంతు మిగిలియుండగనే నింపవలయును. బడిపిల్లలకు నీటితో పోవు నీలిసిరాయే మేలు. చిత్రములు వేయు చిక్కని సిరా పోసినచో నాలుక గాడి పూడిపోవును. నెలకొకమారు చన్నీటితో కడుగవలయును, వేడినీరు తగదు. పలుచని కాగితముపై సిరా ప్రాకును గావున నోటుపుస్తకము కొనునప్పుడే యొక పుట మూల వ్రాసి చూచుకొనుడు. అద్దుడు కాగితమిప్పుడు అరుదు. మా యింట పాత పంచాంగపు పుటలు ఆ పని చేయుచున్నవి.

పిల్ల బడికి పోవుచున్నది. మొదటివారము అరచేతి యంచు నీలముగా నుండెను, ఇప్పుడు తగ్గినది. దాని తరగతి ఉపాధ్యాయురాలు చేయి మార్చుమని చెప్పలేదు. చెప్పునేమోయని నేనొకనాడు బడికి పోయి వేచియుంటిని గూడ.

రాజమహేంద్రవరమున నేను రెండు కలములు కొంటిని. రెండవదానికిని అట్టి పాళీయే, అట్టి సానయే పెట్టించితిని. అది బెల్లపు కొట్టులోని గుమాస్తాకు. ఇప్పటికి రెండుమార్లు మార్కెట్టు వాకిలివరకు పోయి మరలి వచ్చితిని. కలము నా చొక్కా జేబులోనే యున్నది. రేపు ప్రొద్దున మరల పోయెదను.