కర్బనము లేని మంట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగపాఠము)



యూరియా బస్తా తడిసి నిలువయున్నపుడు ముక్కును గుచ్చు ఘాటు వాసన పొందూరు ప్రాంతపు రైతులకు క్రొత్త గాదు. అది అమ్మోనియా వాసన. పైరునకు బలమిచ్చు ఈ వాయువునే ఇంధనముగా మండించి పింగాణి పలకలను కాల్చవచ్చునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వినుటకు వింతగా నున్నను ఇది వట్టి ఊహ గాదు.

కుండయైనను, ఇంటి నేలపై పరచు పలకయైనను, పచ్చిమట్టిని గట్టిపరచునది వేడియే. కుమ్మరి ఆవమునకు ఏడెనిమిది వందల డిగ్రీలు చాలును. మేలురకపు నేలపలకకు ఇంచుమించు 1200 డిగ్రీలు కావలెను. ఈ వేడికై వాడు కట్టెలు, ఊక, బొగ్గు, సహజవాయువు వీటన్నిటియందును కర్బనము కలదు. మండినపుడు అది బొగ్గుపులుసు వాయువై గాలిలో గలియును. ఊకనుండి వెలువడిన దానిని మరుసటి పైరు తిరిగి పీల్చుకొనును. భూగర్భమునుండి త్రవ్వి తీసిన బొగ్గు, వాయువుల సంగతి అట్టిది గాదు. వాటి కర్బనము ఏటికేడు గాలిలో పేరుకొని భూమిని వేడెక్కించుచున్నది.

అమ్మోనియాలో కర్బనమే లేదు. ఒక పాలు నత్రజని, మూడు పాళ్ళు ఉదజని కలిసి అది ఏర్పడును. సరిగా మండినచో నత్రజనియు, నీటి ఆవిరియు మాత్రమే మిగులును. ఉదజనినే నేరుగా మండింపరాదా యని అడుగవచ్చును. దానిని ద్రవముగా జేయుటకు సున్నకు దిగువ 253 డిగ్రీల చలి కావలెను. అమ్మోనియాకు 33 డిగ్రీల చలి చాలును. వంటగ్యాసు వలె ఒత్తిడితోను ద్రవరూపమున నిలువ చేయవచ్చును. 1943లో యుద్ధకాలపు చమురు కరవున బెల్జియము దేశస్థులు దీనితో బస్సులు నడిపిరి.

అయితే ఇది బద్ధకపు ఇంధనము. సహజవాయువు మంట సెకనుకు సుమారు 37 సెంటీమీటర్లు సాగగా, అమ్మోనియా మంట ఏడు సెంటీమీటర్లు మాత్రమే సాగును, ఇట్టే ఆరిపోవును. అందుచే దానిలో కొంత భాగమును వేడి ఉత్ప్రేరకము మీదుగా పంపి ఉదజనిగా విడగొట్టి తిరిగి కలుపుదురు. లేదా ప్రాణవాయువును హెచ్చుగా నందింతురు. ఇంకొక చిక్కు కలదు. మంట అదుపు తప్పినచో విషప్రాయమైన నత్రజని ఆక్సైడులు పుట్టును. వానిలో నైట్రస్ ఆక్సైడు అనునది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 273 రెట్లు భూమిని వేడెక్కించును. కొద్దిగా వెలువడినను చేసిన మేలంతయు నీటిపాలగును. కావున మొదట గాలి కొంచెము తక్కువగా నిచ్చి, పిదప మిగిలిన గాలినిచ్చి రెండు అంచెలుగా మండింపవలెను. వాలుగచేప దవడతో ప్రత్తిని ఏకి సన్నని నూలు తీయు పొందూరు వారికి పనిముట్టు విలువను వేరుగా జెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ పనిముట్టు బర్నరు. జపానులో 2023 జూన్‌లో ఏ.జి.సి. అను గాజు సంస్థ తన కాన్సాయ్ కర్మాగారపు కొలిమిలో అమ్మోనియా మంటను పరీక్షించి చూచెను. గాజుకొలిమి పింగాణి కొలిమికి దగ్గరి చుట్టమే.

ఇక అసలు ప్రశ్న: ఆ అమ్మోనియా ఎక్కడిది? 1913లో జర్మనీలో ఆరంభమైన పద్ధతినే నేటికిని అనుసరించుచు, ప్రపంచమున అధికభాగమును సహజవాయువునుండియో బొగ్గునుండియో తీయుచున్నారు. సహజవాయువునుండి ఒక టన్ను తీయుటకు ఇంచుమించు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అట్టి దానిని కొలిమికి వాడుట యనగా పొగను ఒక గొట్టమునుండి వేరొక గొట్టమునకు మార్చుటయే. ఎండతో, గాలితో తీసిన విద్యుత్తుచే నీటిని విడగొట్టి చేసినదే హరిత అమ్మోనియా. 2025లో కేంద్రప్రభుత్వ సౌరశక్తి సంస్థ ఎరువుల కర్మాగారములకై జరిపిన మొదటి వేలములో దాని ధర కిలో 55 రూపాయల 75 పైసలు పలికెను. ఇంటి సిలిండరులోని 14.2 కిలోల గ్యాసు ఇచ్చు వేడికి 35 కిలోల అమ్మోనియా కావలెను. అనగా 1950 రూపాయలు! గృహిణులు తమ రసీదుతో పోల్చి చూచుకొనవచ్చును.

ఆంధ్రదేశమున ఈ ప్రయత్నమునకు తగిన చోటు కాకినాడ. అచ్చటి పూర్వపు నాగార్జున ఎరువుల కర్మాగార స్థలమున ఏటికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా తీయుటకు ఏ.ఎమ్. గ్రీన్ సంస్థ 2024 ఆగస్టులో తుది నిర్ణయము గావించెను. దాపుననే సామర్లకోటలో పింగాణి పలకల కర్మాగారము వెలసియున్నది. ఉత్పత్తిలో హెచ్చుభాగము విదేశములకు బోవునట్లు ఒప్పందములు జరుగుచున్నవి. కొంతయైన ఇచ్చటి కొలిమిలో పరీక్షించుట ఉచితము కదా!

పల్లెలలోని ఇటుక బట్టీలకు, ఆవములకు మాత్రము ఇది తగదు. గాలిలో పదిలక్షల పాళ్ళకు 300 పాళ్ళు చేరిన చాలును, ప్రాణమునకు ముప్పు. 2023 డిసెంబరులో చెన్నై చెంత ఎన్నూరులో సముద్రగర్భపు గొట్టమునుండి అమ్మోనియా పొక్కి పలువురు ఆసుపత్రి పాలైరి. 2020 మే 7వ తేదీన విశాఖ చెంత వెంకటాపురమున వేరొక రసాయనపు ఆవిరి చేసిన ప్రాణనష్టమును ఉత్తరాంధ్రులు మరువలేదు. నిపుణులైన కాపరులు, గాలిని కొలుచు యంత్రములు, తక్షణము నీరు చిమ్ము ఏర్పాట్లు ఉన్న పెద్ద కర్మాగారములకే ఈ ఇంధనమును అనుమతింపవలెను. ఊక దొరకునంతవరకు కుమ్మరికి దీని అక్కర లేదు.

మరియొక విశేషము. మట్టిలో సున్నపురాయి పాలున్నచో, మంట ఎట్టిదైనను కాలునపుడు దానినుండి కొంత బొగ్గుపులుసు వాయువు వచ్చుచునే యుండును. ఇక నల్లకుండ సంగతి: ఆవమును మూసి పొగ పట్టించినపుడు కర్బనము మట్టిలో నింకుటచేతనే కుండకు ఆ నలుపు వచ్చును. అమ్మోనియా మంటలో ఎంతసేపు కాల్చినను ఆ నలుపు రాదు.