చిన్న ఇంట్లో పాము
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాణికేశ్వర్ నగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. "తాతయ్యా, చిన్న ఇంటికి ఏ పాము బాగుంటుంది? పెంచుకుందాం" అని మా మనవడు పట్టుబట్టాడు. కసరకుండా విచారించాను.

మన నాగుపామునూ, జెర్రిపోతునూ ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆఫ్రికా జాతి బాల్ పైథాన్‌ది నెమ్మది స్వభావం, నాలుగైదు అడుగులకు మించి పెరగడం అరుదు. అయితే 2022 చట్ట సవరణ తరువాత దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైగా ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. నాకేమో డెబ్బై దాటాయి. నా తరువాత దానికి దిక్కెవరు?

అందుకే వాడితో అన్నాను: "మన పాము యూనివర్సిటీ పొదల్లోనే ఉందిరా. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తింటుంది. నాగుపామనుకొని జనం దాన్ని చంపేస్తారు. దాన్ని కాపాడు, అదే పెంపకం."

మిత్రులారా, పాము కనబడితే కర్ర తీయకండి. దూరంగా నిలబడి, నగరంలో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోను చేయండి. కాటు పడితే కట్లు, కోతలు, మంత్రాలు వద్దు. కాటుపడ్డ చోటు కదలనివ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

మొన్న వానకు మా వీధిలోకి జెర్రిపోతు వచ్చింది. కర్రలెత్తిన పెద్దలను ఆపింది మా మనవడే.

సెలవు.