పోయిన లేఖల పునఃప్రాప్తి



2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణపోషణము ముగిసెను. అందుచే నా కంప్యూటరునందు విండోస్ 11ను క్రొత్తగా వేయించితిని. యంత్రము చక్కగా మేల్కొనెను గాని, థండర్‌బర్డునందు ఈ-మెయిలు లేఖ లొక్కటియు లేవు. నాతో 12 ఏండ్లు వ్యాకరణచర్చ సాగించి కీర్తిశేషుడైన సహాధ్యాయుని లేఖలవి. సర్వరునందు నిలుపక నా యంత్రముననే దాచుకొన్నవగుటచే మనస్సు మిక్కిలి కలతచెందెను.

అదృష్టవశమున, పని యారంభించుటకు ముందే నా పూర్వవిద్యార్థి యొకడు థండర్‌బర్డు 'ప్రొఫైల్' ఫోల్డరును వేఱొక డిస్కున కెత్తియుంచెను. అందు 'మెయిల్' లోని 'లోకల్ ఫోల్డర్స్' అను చోట లేఖలన్నియు ఎంబాక్స్ పద్ధతిని, ఒకదాని వెనుక నొకటిగా, సాదా అక్షరములలో కూర్పబడియుండును. ప్రక్కనుండు ఎం.ఎస్.ఎఫ్. ఫైలు విషయసూచిక మాత్రమే. అది చెడినను థండర్‌బర్డు మరల కూర్చుకొనును. మూలము చెడినచో గతిలేదు. థండర్‌బర్డును మూసి, ఆ మూలపు ఫైళ్లను క్రొత్త ప్రొఫైలునం దదేచోట నుంచి, మరల తెఱచితిమి. మిత్రుని లేఖలన్నియు దర్శనమిచ్చెను. నా కన్నులు చెమర్చెను.

తాళపత్రము శిథిలము గాకముందే ప్రతి వ్రాయించుట మన పెద్దల యాచారము. ఏకైకప్రతి గల గ్రంథము సగము నశించినట్లే. కావున యంత్రమును మార్చుటకు ముందు రెండవ ప్రతి నెత్తియుంచుడు; ఎత్తినదానిని తెఱచి చూచుకొనుడు.