కర్నూలు, కడప ఎండల్లో కొవ్వొత్తులు: ఏ మైనం కొనాలి, ఏ లోపం ఎందుకొస్తుంది

ఈ ఎపిసోడ్‌లో కొవ్వొత్తుల తయారీ గురించి మాట్లాడుకుందాం. ఎలా చేయాలో చూపించే వీడియోలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి, కాబట్టి మొదటినుంచి మళ్లీ చెప్పను. చేసిన కొవ్వొత్తి ఎందుకు వంగిపోతుంది, మధ్యలో గుంట ఎందుకు పడుతుంది, మైనం ఎక్కడ కొనాలి, వత్తి ఎలాంటిది కావాలి, ఎవరికి డబ్బు కట్టకూడదు. ఈ రోజు ఇవే.

ఇది పది, ఇరవై కిలోల మైనంతో ఇంట్లో మొదలుపెట్టే వాళ్ల కోసం. మన సైడ్ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని ఇట్లాంటి పని మొదలుపెట్టే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కొవ్వొత్తి నిలబడినా, వంగినా, వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అందుకని మొదటి బస్తా కొనే ముందే ఇవి తెలిసుంటే మంచిది.

ముందు ఒక విషయం పక్కాగా అర్థం చేసుకోండి. మనం చూసే వీడియోల్లో చాలా వరకు చలి దేశాల్లోనో, ఏసీ గదుల్లోనో తీసినవి. వాళ్ల గది 22, 23 డిగ్రీలు ఉంటుంది. మనకు మార్చి దాటిందంటే 40. మేలో కర్నూలు, కడపల్లో 43, 44 మామూలే. రేకుల షెడ్డు అయితే లోపల ఇంకా ఎక్కువ. అక్కడ పనిచేసిన కొలత ఇక్కడ పనిచేయదు. మీ చేతిలో పనితనం ఎంత బాగున్నా అంతే.

చాలామంది అడిగే ప్రశ్న: "మైనం 58 డిగ్రీల దగ్గర కదా కరిగేది, మరి 42కే కొవ్వొత్తి ఎందుకు వంగుతుంది?" మంచి ప్రశ్న. పారఫిన్ మైనం ఐస్ లాగా ఒక్కసారిగా కరగదు. కరిగే ఉష్ణోగ్రతకు సుమారు 15, 20 డిగ్రీల కిందే లోపల దాని అమరిక మారి మెత్తబడడం మొదలవుతుంది. అంటే 58 మైనం 40 దగ్గరే మెత్తన. సన్నగా, పొడుగ్గా ఉండే కొవ్వొత్తి అయితే తన బరువుకే తను ఒరిగిపోతుంది.

దీన్నుంచి ఒక లెక్క పెట్టుకోవచ్చు. మీ సరుకు తగిలే గరిష్ఠ ఎండకు 20 కలపండి. 43 ప్లస్ 20, 63. కాబట్టి ఎండాకాలంలో అమ్మే సరుకైతే 62-64 డిగ్రీల మైనం అడగండి. శీతాకాలానికి 58-60 సరిపోతుంది. షాపులో "మంచి మైనం ఇవ్వండి" అంటే ఎవరూ చెడ్డది అని చెప్పి ఇవ్వరు. డిగ్రీ చెప్పి అడగాలి, బిల్లు మీద అదే రాయించుకోవాలి.

మరి సోయా మైనం? గ్లాసుల్లో పోసే సోయా మైనాలు చాలావరకు 46 నుంచి 50 డిగ్రీల మధ్య కరుగుతాయి. మన లెక్కలో పెట్టి చూడండి, 30 దాటితేనే ఇబ్బంది. గ్లాసులో ఉంది కాబట్టి ఆకారం పోదు, కానీ పైన నూనె చెమటలా పడుతుంది, పార్శిల్ బస్సులో వెళ్లేసరికి గ్లాసు అంచుదాకా జారుతుంది. సోయా చేయొద్దని చెప్పడం లేదు. నవంబర్ నుంచి జనవరి దాకా, మూత ఉన్న గ్లాసుల్లో చేసుకోండి. ఏప్రిల్‌కి ముందు మాత్రం 50 కిలోల సోయా కొని ఇంట్లో పెట్టుకోవద్దు.

మైనాన్ని గట్టిపరచడానికి ఇంకో దారి స్టియరిక్ యాసిడ్. పేరు విని భయపడకండి, ఇది కొవ్వుల నుంచి, పామాయిల్ లాంటి నూనెల నుంచి తీసే తెల్లటి పలుకు. అసలు కొవ్వొత్తి అనే మాటలోనే కొవ్వు ఉంది కదా. వెనకటికి జంతువుల కొవ్వుతోనే చేసేవాళ్లు, మెత్తగా, వాసనగా ఉండేవి. ఫ్రాన్స్‌లో షెవ్రెల్ అనే శాస్త్రవేత్త కొవ్వు నుంచి ఈ గట్టి భాగాన్ని విడదీసి, గే-లుసాక్‌తో కలిసి 1825లో దానితో కొవ్వొత్తులు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మనం ఇప్పటికీ వాడేది అదే. కిలో మైనానికి 100 గ్రాములు, అంటే పదో వంతు. కొవ్వొత్తి గట్టిగా, తెల్లగా వస్తుంది, అచ్చులోంచి తేలిగ్గా వదులుతుంది. స్టీలు గిన్నెలోనే కరిగించండి, రాగి, ఇత్తడి వద్దు, రంగు మారుతుంది.

ఇప్పుడు సరుకు ఎక్కడ కొనాలి. పారఫిన్ మైనం పెట్రోలియం రిఫైనరీల్లో వస్తుంది. దేశంలో అస్సాంలోని నుమాలిగఢ్ రిఫైనరీ, మనకు దగ్గర్లో చెన్నై మణలిలో ఉన్న చెన్నై పెట్రోలియం రిఫైనరీ దీన్ని తయారు చేస్తాయి. అక్కడి నుంచి డీలర్లకు, డీలర్ల నుంచి కెమికల్ షాపులకు వస్తుంది. కడప వాళ్లకు చెన్నై దగ్గర. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల కెమికల్ హోల్‌సేల్ షాపులు ఉంటాయి. కర్నూలు వాళ్లకు 44వ నంబర్ జాతీయ రహదారి మీద హైదరాబాద్ నాలుగు గంటల దారి, బేగంబజార్ వైపు విచారించండి. మీ ఊర్లోనే షాపువాడు తెప్పిస్తానంటే అది కూడా మంచిదే, రవాణా కలిపి ధర పోల్చుకోండి.

ఒకటే జాగ్రత్త. ముందు ఐదు కిలోలే కొనండి. మైనంలో ఫుల్లీ రిఫైన్డ్, సెమీ రిఫైన్డ్ అని ఉంటాయి. సెమీలో నూనె శాతం ఎక్కువ, చౌక కూడా. ఎండాకాలం చెమట పట్టేది ఎక్కువగా ఇదే. పరీక్ష చేయడం సులభం. చిన్న ముక్క తెల్ల కాగితం మీద పెట్టి, పైన బరువు పెట్టి, చల్లటి చోట ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కాగితం మీద నూనె మరక కనిపిస్తే అది గ్లాసుల్లోకి పనికొస్తుందేమో గానీ, పొడుగు కొవ్వొత్తులకు పనికిరాదు.

డిగ్రీ కూడా ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 గ్రాముల మైనం స్టీలు గ్లాసులో కరిగించి, థర్మామీటర్ పెట్టి, మెల్లగా తిప్పుతూ చల్లారనివ్వండి. అంకె గబగబా దిగుతూ దిగుతూ ఒకచోట కాసేపు ఆగుతుంది. అప్పుడే మైనం గట్టిపడడం మొదలవుతుంది. ఆ ఆగిన అంకె దాదాపు మీ మైనం డిగ్రీ. 62 అని బిల్లు రాసి 56 దగ్గర ఆగితే, బస్తా కొనకుండా వెనక్కి రండి. థర్మామీటర్ కొన్ని వందల్లో వస్తుంది, 50 కిలోల బస్తా వేలల్లో ఉంటుంది.

వత్తి దగ్గరికొద్దాం. "ఆదోనిలో ఇంత పత్తి మార్కెట్ ఉంది కదా, దీపం వత్తే వేస్తే పోలా?" అంటారు. పోదు. దీపం వత్తి నూనెలో మునిగి ఉంటుంది, మెలితిప్పిన దూది చాలు. కొవ్వొత్తిలో వత్తి కరిగిన మైనాన్ని పైకి లాగాలి, తను కూడా కొంచెం కొంచెం కాలి తరిగిపోవాలి. అందుకని జడలా అల్లిన నూలు వత్తి కావాలి. అల్లిక వల్ల కొస పక్కకు వంగి మంట అంచులో కాలిపోతుంది. మెలితిప్పింది నిటారుగా నిలబడి, కొసన నల్లటి ముద్ద కట్టి పొగ వదులుతుంది.

అల్లిన నూలు తాడు దొరికితే ఇంట్లో సిద్ధం చేసుకోవచ్చు. ఒక కప్పు వేడి నీళ్లలో ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల వెలిగారం కలిపి, తాడును ఒక రోజు నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, కరిగిన మైనంలో ముంచి తీయాలి. వెలిగారం అంటే బోరాక్స్. బంగారం పనివాళ్లు అతుకు పెట్టడానికి వాడేది. పొద్దుటూరులాంటి బంగారం ఊర్లో దీనికి కొరత ఉండదు. పిల్లలకు అందకుండా పెట్టండి, వంట గిన్నెలో కలపొద్దు.

ఇక లోపాలు ఒక్కొక్కటి.

మధ్యలో మాత్రమే కరిగి, చుట్టూ గోడలా మైనం మిగిలిపోతే వత్తి సన్నమైంది అని అర్థం. మూడంగుళాల గ్లాసైతే సుమారు మూడు గంటల్లో పై మైనమంతా అంచు దాకా కరగాలి. 62-64 మైనానికి మారినప్పుడు వత్తి కూడా ఒక సైజు పెంచాల్సి రావచ్చు. పొగ, మసి, ఎత్తైన మంట వస్తే వత్తి లావు, లేదా సెంటు ఎక్కువ.

సెంటు కిలో మైనానికి 60 గ్రాములు దాటొద్దు. ఎండాకాలం 40, 50 చాలు. నీళ్లతో చేసిన రంగులు, కుంకుమ, ముగ్గు రంగులు, పిల్లల క్రేయాన్లు వేయకండి. అవి మైనంలో కలవవు, లేదా వత్తిని మూసేస్తాయి. నూనెలో కరిగే కొవ్వొత్తి రంగే కావాలి.

మధ్యలో గుంట పడడం లోపం కాదు, మైనం గుణం. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. సగం గట్టిపడ్డాక వత్తి పక్కన పుల్లతో రెండు మూడు పొడుపులు పొడిచి, కొంచెం మైనం ఆపి ఉంచుకుని మళ్లీ పోయండి.

అచ్చులోంచి రాకపోవడం మనకు ఎండాకాలం పెద్ద సమస్య. మైనం కుంచించుకుంటేనే అచ్చు వదులుతుంది, గది 41 డిగ్రీలుంటే అది పూర్తిగా చల్లారేదెప్పుడు? దానికి నీళ్ల తొట్టిలో పెడతారు. కానీ మిద్దె మీద ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతుంటాయి. తెల్లవారుజామున పట్టిన నీళ్లు నీడలో పెట్టుకోండి, పని కూడా పొద్దున ఐదు నుంచి తొమ్మిది లోపల ముగించండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. పైపొర ఒక్కసారిగా బిగుసుకుని అడ్డంగా పగుళ్లొస్తాయి.

చలికాలంలో దీనికి రివర్స్. మన ఇళ్లల్లో కడప బండ పరిచి ఉంటుంది. డిసెంబర్ పొద్దున బండ మీద గ్లాసు పెట్టి పోస్తే అడుగు ముందు బిగుసుకుంటుంది, గ్లాసుకు, మైనానికి మధ్య తెల్లటి మచ్చలు, గీతలు వస్తాయి. కింద చెక్క పలకో, నాలుగు మడతల గోనెసంచో వేయండి.

వెలిగించినప్పుడు చిటపటమని ఆరిపోతుంటే వత్తికి తడి తగిలింది. తొట్టిలో పెట్టినప్పుడు నీళ్లు పైనుంచి ఎక్కకుండా చూసుకోండి.

ఏ లోపం సరిచేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేది కూడా ఇట్లాగే. మైనం, వత్తి, సెంటు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తేదీ, గది వేడి, మైనం డిగ్రీ, వత్తి, పోసిన వేడి, ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆర్డర్ తీసుకునే ముందు రెండు కొవ్వొత్తులు రేకుల కింద మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నిలబెట్టండి. అవి నిలబడితేనే ఆర్డర్ ఒప్పుకోండి.

భద్రత. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఎగిసిపడుతుంది. స్టవ్ ఆపి పళ్లెం మూత పెట్టేయండి. ఆ పళ్లెం పని మొదలుపెట్టే ముందే పక్కన ఉండాలి.

చివరగా డబ్బు. "మెషిన్ మా దగ్గర కొనండి, మైనం మేమే ఇస్తాం, చేసినవి మేమే కొంటాం" అనే స్కీములు ఊరూరా వస్తుంటాయి. 2023లో హైదరాబాద్‌లో వత్తుల మెషిన్ల పేరుతో ఇట్లాంటిదే జరిగింది. మెషిన్లకు జనం లక్షల్లో కట్టాక కంపెనీ చేతులెత్తేసింది, కేసు పోలీసుల దాకా వెళ్లింది. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. బజారులో హోల్‌సేల్ ధర కంటే ఎక్కువ ఇచ్చి నా దగ్గర ఎందుకు కొంటున్నాడు? ఆ ఎక్కువ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కొవ్వొత్తులు అమ్మి రాదు. తర్వాత చేరేవాళ్లు మెషిన్‌కి కట్టే డబ్బులోంచే రావాలి. వాళ్లు రావడం ఆగిన రోజు మీ డబ్బూ ఆగుతుంది.

మెషిన్ లేకుండానే రెండు అల్యూమినియం అచ్చులతో మొదలుపెట్టొచ్చు. కొనేవాళ్లు మన దగ్గరే ఉన్నారు. సెప్టెంబర్ 8 మరియమాత పండుగ, దీపావళి, నవంబర్ 2న సమాధుల పండుగ, క్రిస్మస్. కర్నూలు, కడప రెండు చోట్లా కాథలిక్ పీఠాలు ఉన్నాయి, ఊర్లలో చర్చిలు ఉన్నాయి. జూలైలో నాలుగు చర్చిలకు, పది పూజా సామగ్రి షాపులకు మీ శాంపిల్ పట్టుకుని వెళ్లండి. ఎన్ని కావాలో, ఏ సైజో అడగండి. ఆర్డర్ చేతికొచ్చాక మైనం కొనండి. ముందు మైనం కొని తర్వాత కొనేవాళ్లను వెతికితే, మధ్యలో ఎండాకాలం వచ్చి కూర్చుంటుంది.

మీ నోటుబుక్కులో మొదటి పేజీ ఈ రోజే మొదలుపెట్టండి. మీ గదిలో మధ్యాహ్నం రెండింటికి ఎన్ని డిగ్రీలుందో రాయండి, 20 కలపండి. మీరు కొనాల్సిన మైనం అదే. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.